పేరు ఇక్కడ, మనిషి ఎక్కడ?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల విశ్వాసులారా, ఈ మాట చుట్టు తిప్పకుండా చెబుతాను. మన సీఎస్ఐ సంఘాల్లో వాక్యం మీద పట్టున్న కుటుంబాలు, తెల్లవారుజామున లేచి ప్రార్థించే కుటుంబాలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. ఎవరూ రాజీనామా రాసిచ్చి వెళ్లడం లేదు. పేరు రిజిస్టరులోనే ఉంటుంది. క్రిస్మస్‌కు వస్తారు, మట్టల ఆదివారానికి వస్తారు, పెళ్లికీ సమాధికీ వస్తారు. మిగతా ఆదివారాలు బైపాస్ పక్కన రేకుల షెడ్డులోనో, ఎవరి మేడ మీది హాల్లోనో, అదీ కాకపోతే ఫోనులో యూట్యూబ్ ముందో గడుస్తాయి. దశమభాగం అక్కడికి పోతుంది. ఇక్కడ చందా బకాయి పడుతుంది.

ఉండాలా, వెళ్లాలా అని వాదించుకునేవాళ్లు కనీసం ఆలోచిస్తున్నారు. వాళ్లను చూసి నాకు దిగులు లేదు. నన్ను భయపెట్టేది ఈ సగం వెళ్లడం.

ఎందుకో చెబుతాను, దయచేసి ఓపిక పట్టండి. మన సంఘం నడిచేది ఓటు మీద. పాస్టరేట్ కమిటీని ఎన్నుకునేది సంఘ సభ్యులు. అక్కడినుంచి ప్రతినిధులు డయాసిస్ కౌన్సిల్‌కు వెళ్తారు. ఆ కౌన్సిల్ ఎన్నుకున్న ప్యానెల్ నుంచే సినడ్ వారు బిషప్‌ను నియమిస్తారు. అంటే కడపలో బిషప్ గారి కుర్చీకి దారి మీ ఊరి చర్చి వరండాలో అతికించిన ఓటర్ల జాబితా దగ్గర మొదలవుతుంది. చందా కట్టనివాడి పేరు, సంస్కారానికి రానివాడి పేరు ఆ జాబితాలో నిలవదు. నిలిచినా ఎన్నిక రోజున అతను ఇంకో చోట ఆరాధనలో ఉంటాడు. భక్తి ఉన్నవాడు అలా తప్పుకుంటే ఖాళీ అయిన చోటుకు ఎవరు వస్తారు? స్థలం విలువ తెలిసినవాడు వస్తాడు.

స్థలం సంగతి కూడా చూడండి. మిషన్ వాళ్లు కొన్నప్పుడు అవి ఊరి చివరి బీళ్లు. ఈ రోజు ఊరి నడిబొడ్డు. చర్చీల, బళ్ల, బంగళాల ఆస్తులు 1947లో కంపెనీగా నమోదైన సీఎస్ఐ ట్రస్ట్ అసోసియేషన్ పేరున ఉంటాయి. లీజుకో అమ్మకానికో ఎవరైనా కదిపితే అడ్డం పడాల్సింది స్థానిక సభ్యులే. అడిగే నోరు ఊళ్లో లేకపోతే కాగితం నిశ్శబ్దంగా కదిలిపోతుంది.

పైన ఎలా ఉందో పత్రికల్లో చదివే ఉంటారు. 2023లో జరిగిన సినడ్ ఎన్నికల వివాదం మద్రాసు హైకోర్టుకు, అక్కడినుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. సంఘం తన పెద్దను తాను ఎన్నుకోవడానికి న్యాయమూర్తుల ముందు చేతులు కట్టుకుని నిలబడింది. ఆ వార్త చదివిన మన పిల్లలు ఏమనుకున్నారో ఎవరైనా అడిగారా?

వెళ్లిపోవాలనుకునేవాళ్ల బాధ అబద్ధం కాదు. ప్రసంగంలో బైబిల్ పలచబడింది. నిర్ధారణకు ముందు పిల్లలకు నేర్పేది కొన్ని ప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టడం వరకే చాలాచోట్ల మిగిలింది. సంఘ సభలో పాపం, రక్షణ అనే మాటలకంటే బదిలీలు, కేసులు అనే మాటలే ఎక్కువ వినిపిస్తాయి. సెమినరీల నుంచి వచ్చే కొత్త బోధలు కొందరికి నచ్చవు. స్త్రీలకు అభిషేకం ఇవ్వడం కొందరికి మింగుడు పడదు. సీఎస్ఐ తొలి మహిళా బిషప్ 2013లో మన పక్కనున్న నంద్యాల డయాసిస్‌కే వచ్చారు. ఇవన్నీ మనస్సాక్షికి సంబంధించినవి. వాటిని తీసిపారేసే హక్కు నాకు లేదు.

అయితే అలాంటివాళ్ల చేతికి పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలోని వేరుపాటు మాట ఇచ్చి, ఇంకేం చదవొద్దనేవాళ్లు ఉన్నారు. ప్రకటన గ్రంథం మూడో అధ్యాయం కూడా తెరవండి. సార్దీసు సంఘానికి పేరుకే ప్రాణం ఉంది. అందులో మైలపడని కొద్దిమందీ ఉన్నారు. ఆ కొద్దిమందిని లేచి వెళ్లి వేరే సంఘం పెట్టుకోమని అక్కడ ఎక్కడా లేదు.

ఉండాలా, వెళ్లాలా అనే ఈ ప్రశ్న మదనపల్లెకు పాతదే. 1863లో జాకబ్ చేంబర్లిన్ ఇక్కడ మిషన్ మొదలుపెట్టారు. 1908లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. ఆయన్ని పంపింది అమెరికాలోని రిఫార్మ్డ్ సంఘం. ఆ సంఘం నడిపిన ఆర్కాటు మిషన్ నాటిన సంఘాలే 1908లో దక్షిణ భారత ఐక్య సంఘంలోనూ, 1947 సెప్టెంబర్ 27న సీఎస్ఐలోనూ చేరాయి. విడిపోవడం బాగా తెలిసినవాళ్లు మన పూర్వులకు కలవడం నేర్పారు, అదొక వింత. ఆ తల్లి సంఘం నుంచి 1857లో ఒక గుంపు విడిపోయింది. సిద్ధాంత తగాదాలతో 2022లో మళ్లీ మరికొన్ని సంఘాలు బయటికి వెళ్లి వేరే కూటమి కట్టుకున్నాయి.

నంద్యాల వైపు చూడండి. 1947 ఐక్యత తమ విశ్వాసానికి సరిపడదని అక్కడి ఆంగ్లికన్లలో వేలమంది బయట నిలిచిపోయారు. 1963లో వాళ్లకు వేరే డయాసిస్ వచ్చింది. 1970లలో అదే డయాసిస్ సీఎస్ఐలోకి వచ్చి చేరింది. ఒక తరం పోట్లాటలో పెరిగి పెద్దదై ముసలిదైంది.

బయటికి వెళ్లి కట్టినవాళ్లు లేరా? ఉన్నారు. ముంగమూరి దేవదాసు అయ్యగారు లూథరన్ సంఘం నుంచి వచ్చి 1938లో బైబిలు మిషను మొదలుపెట్టారు. భక్తసింగ్ గారు 1941లో మద్రాసులో వేరుగా సంఘం కట్టారు, తర్వాత ఆయన హైదరాబాదులో పెట్టిన హెబ్రోను తెలుగువాళ్లకు ఇంటిపేరంత దగ్గరైంది. వాళ్ల వల్ల మారిన జీవితాలను నేను కాదనను. కాని వాళ్లు పూర్తిగా వెళ్లారు, వెల పూర్తిగా చెల్లించారు. క్రిస్మస్ కేకుకు పాత గుడి, ప్రసంగానికి కొత్త షెడ్డు అని పంచుకోలేదు.

వెళ్తే స్వచ్ఛమైన సంఘం దొరుకుతుందనే ఆశ కూడా జాగ్రత్తగా పట్టుకోవాల్సినది. అమెరికాలో గ్రెషమ్ మేచెన్ అనే పండితుడు బోధ చెడిందని ప్రెస్బిటేరియన్ సంఘంతో పోరాడి 1936లో కొత్త సంఘం కట్టారు. 1937 జనవరి 1న ఆయన చనిపోయారు. ఆ ఏడాది తిరగకముందే ఆ కొత్త సంఘం రెండుగా చీలింది.

లండన్‌లో 1966 అక్టోబరు 18న జరిగిన సువార్తికుల సభలో ఇదే ప్రశ్న ఒకే వేదిక మీద బద్దలైంది. బోధకుడు మార్టిన్ లాయిడ్ జోన్స్ సువార్తికులంతా మిశ్రమ సంఘాలు వదిలి ఒక్కటి కావాలన్నట్టు పిలుపునిచ్చారు. సభాధ్యక్షుడు జాన్ స్టాట్ అక్కడికక్కడే లేచి విభేదించారు. నాకు ముఖ్యంగా తోచేది ఆ మరుసటి ఏడు కీల్‌లో జరిగిన సభ. ఉండిపోయిన ఆంగ్లికన్ సువార్తికులు ఇక మూల కూర్చోం, సంఘ పాలనలో దిగుతాం అని అక్కడ నిర్ణయించుకున్నారు. మన దగ్గర ఉండిపోయినవాళ్లు ఆ రెండో అడుగే వేయడం లేదు.

కొందరు అమెరికా మెథడిస్టులను చూపిస్తారు. నిజమే, 2019 నుంచి 2023 చివరి దాకా అక్కడ ఏడున్నర వేలకు పైగా సంఘాలు బయటికి వెళ్లాయి. అవి ఓటు వేసి, డబ్బు కట్టి, భవనాలతో సహా వెళ్లాయి, ఎందుకంటే అక్కడ ఆ వీలు కల్పించే నియమం పెట్టారు. మనకు అలాంటి నియమం లేదు. మీరు వెళ్తే ఒట్టి చేతులతో వెళ్తారు. మీ తాత మోసిన రాయి ఇక్కడే ఉంటుంది.

ఇప్పటికే కొత్త గుంపులో అడుగు పెట్టినవాళ్లు తర్వాతి సంగతులు ఇంకా జాగ్రత్తగా చదవండి.

ముందు పెళ్లి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం బిషప్ చేత అభిషేకం పొందిన గురువులకు పెళ్లి జరిపించే అధికారం ఉంది. స్వతంత్ర సంఘాల పాస్టరుకు ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. అధికారం లేకుండా ఆ చట్టం కింద పెళ్లి జరిపించడం నేరం, పదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. పాస్టరు మాట తర్వాత, ముందు మీ బిడ్డ పాస్‌పోర్టుకో వీసాకో సర్టిఫికెట్ పెట్టినప్పుడు ఏం తేలుతుందో ఆలోచించండి. శుభలేఖ అచ్చు వేయించకముందే లైసెన్సు చూపమని అడగండి. అడగడం అమర్యాద కాదు.

తర్వాత సమాధి. పాత మిషన్ సమాధుల తోట పాస్టరేట్ చేతిలో ఉంటుంది. ఇంట్లో శవం పెట్టుకుని సభ్యత్వం గురించి వాదించుకునే పరిస్థితి ఏ కుటుంబానికీ రాకూడదు. ఆ వాదన ముందే తేల్చుకోవచ్చు.

డబ్బు సంగతి. స్థలం పాస్టరు సొంత పేరున ఉందా? బ్యాంకు ఖాతా ఆయనా ఆయన భార్యా కలిపి నడుపుతున్నారా? కమిటీ ఉందా? ఏడాదికొకసారి లెక్కలు చదువుతున్నారా? తండ్రి తర్వాత కొడుకే కాపరి అని ఇప్పుడే చెబుతున్నారా? సీఎస్ఐలో లెక్కలు అడగలేదని అలిగి వెళ్లి, అసలు లెక్కలే లేని చోట కూర్చోకండి.

అన్నిటికంటే ఎక్కువగా ఇది. స్వస్థత సభల్లో మందులు మానేయమంటే వినకండి. దీన్ని మదనపల్లె వాళ్లకు చెప్పాల్సి రావడమే సిగ్గు. పలు మిషన్లు చేతులు కలిపి నూరేళ్ల కిందట ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి కట్టాయి, దేశం నలుమూలల నుంచి రోగులు వచ్చారు. అదే ఊరి పక్కన ఈ రోజు, దగ్గు తగ్గింది కదా, విశ్వాసం ఉంటే మాత్ర ఎందుకు అని ఎవరైనా అంటే లేచి బయటికి రండి. మామూలు క్షయకు కూడా ఆరు నెలల మందు. మధ్యలో ఆపితే జబ్బు మందులకు లొంగనిదిగా ముదురుతుంది, ఇంట్లో పిల్లలకు అంటుతుంది. షుగర్, బీపీ, మూర్ఛ మందులకూ ఇదే మాట. ప్రార్థన చేయించుకోండి, మాత్ర వేసుకోండి.

కుప్పం వాళ్ల ఇబ్బంది వేరు. కడప దూరం, బెంగళూరు దగ్గర. వారమంతా రైళ్లలో తిరిగే యువకుడు ఆదివారం ఊళ్లో ఉండడమే అరుదు. ఒకే వీధిలో తెలుగు, తమిళం, కన్నడం వినిపిస్తాయి. అలాంటి చోట సంఘం పలచబడితే ఎవరికీ తెలియదు. పెద్దలారా, బెంగళూరులో పనిచేసే మీ పిల్లల పేర్లు రాసిపెట్టుకుని నెలకొకసారైనా ఫోన్ చేయండి. వాళ్లు ఎక్కడ ఆరాధిస్తున్నారో, ఎవరి బోధ వింటున్నారో అడగండి.

ప్రెస్బిటర్ అయ్యగార్లకూ ఒక మనవి. బైబిల్ చేతబట్టి ప్రశ్న అడిగే యువకుడిని తిరుగుబాటుదారుడని పక్కన పెట్టకండి. మంగళవారం ఇంటి ప్రార్థన పెట్టుకుంటామంటే అడ్డుపడకండి, వెళ్లి కూర్చోండి. స్త్రీల మైత్రిలో ఉన్న అమ్మలే ఈ సంఘాలను ఇన్నాళ్లూ మోశారు. వాళ్లను వంటలకు పిలిచినంత త్వరగా లెక్కల సభకు పిలవండి.

మనస్సాక్షి నిజంగా ఒప్పుకోని రోజు వస్తే వెళ్లండి. ఉత్తరం రాసి, బకాయి తీర్చి, అయ్యగారితో చేయి కలిపి, పగలు వెళ్లండి. అప్పటిదాకా మాత్రం ఇక్కడ నిండుగా ఉండండి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక చందా కట్టండి. ఓటర్ల జాబితా చూపమనండి, అందులో మీ పేరు, మీ ఇల్లాలి పేరు, పద్దెనిమిది దాటిన మీ పిల్లల పేర్లు ఉన్నాయో లేదో చూసుకోండి. పోయిన ఏడాది లెక్కలు చదివారా అని కార్యదర్శిని మర్యాదగా అడగండి. చదవలేదంటే ఏ తేదీన చదువుతారో రాయించుకుని రండి.