రవాణా శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

ఇంటర్ పిల్లల బళ్లు ఆపి, తండ్రులను పిలిచి కౌన్సెలింగ్ ఇస్తున్నారు. మంచిదే. మైనర్‌కు బండి ఇచ్చిన పెద్దలకు 2019 సవరణ చట్టం మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పెట్టింది. పిల్లాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సూ రాదు. అయినా మా కాలేజీ గేటు దగ్గర సాయంత్రమైతే బండికి ముగ్గురు. హెల్మెట్ ఉంటే మోచేతికి. తలకు పెడితే క్రాఫు చెడుతుందట!

ప్రమాదం తెలియక కాదు. 2005లో మనస్తత్వ పరిశోధకులు మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ కంప్యూటర్ డ్రైవింగ్ ఆటతో ఓ ప్రయోగం చేశారు. ఒంటరిగా ఆడినప్పటికంటే స్నేహితులు చూస్తుంటే టీనేజర్లు ఎక్కువ తెగించారు. పెద్దల్లో ఆ తేడా లేదు. మనవాడి స్నేహితులైతే వెనక సీటు మీదే ఉంటారు, ఒకడు ఫోనుతో రీలు తీస్తూ. "ఇంకొంచెం లాగరా" అంటే తగ్గేదెవడు?

బండి ఇవ్వడం అంతా గారాబమే అనుకోకండి. కాలేజీ వదిలే వేళకు చాలా ఊళ్లకు బస్సు లేదు. 16 ఏళ్లకే 50 సీసీ లోపు గేర్లు లేని బండికి లైసెన్సు ఇవ్వొచ్చని చట్టం అంటుంది. అదెక్కడ దొరుకుతుంది? ఎక్సెల్ కూడా 100 సీసీ అయిపోయింది.

చలానాలు రాయండి, కాదనను. ఆర్టీసీ వారితో కూర్చుని కాలేజీ వేళలకు బస్సులూ వేయించండి. కౌన్సెలింగ్‌కు తండ్రితో పాటు వెనక కూర్చున్న ఆ ఇద్దరినీ పిలవండి.

ఇట్లు,
ఒక జూనియర్ కాలేజీ అధ్యాపకుడు