చెరువును సముద్రమన్న సీమనుండి ముంబయి రేవుకు

అనంతపురం పట్టణానికి ఆనుకొని ఉన్న ఊరి పేరు బుక్కరాయసముద్రం. సముద్రపు గాలి సోకని మెట్టసీమలో, పదునాలుగవ శతాబ్దంలో విజయనగరపు ఏలికలనాడు కట్టిన చెరువువల్ల వచ్చిన పేరది. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే చోట, నిండిన చెరువును సముద్రమని పిలుచుకొనడంలో అతిశయోక్తికంటె ఆశయే ఎక్కువ. అటువంటి సీమవాసి నిజమైన సముద్రాన్నీ, దాని ఒడ్డున వెలసిన మహానగరాన్నీ చూడబోయినపుడు ఎవరి కంటితో చూడవలె? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించినా, ఆలోచింపదగినది.

ఆ సీమకు ముంబయి దూరపుటూరే గాని సంబంధం లేని ఊరు కాదు. ముంబయినుండి వచ్చిన ఇనుపదారి, గుత్తి గుంతకల్లుల మీదుగా మద్రాసునుండి వచ్చిన దారితో 1871లో రాయచూరువద్ద కలిసింది. కాని కరవుసీమలో రైలెక్కడమంటే తరచు వలస పోవడమే. బ్రతుకుతెరువుకు గాక, కేవలం చూడడానికి ఒక ఊరు పోగలగడం అక్కడి సామాన్య కుటుంబాలకు ఇటీవల కలిగిన భాగ్యం. ఇంత ఆలస్యంగా దక్కిన భాగ్యాన్ని యాత్రాబస్సులవారి పట్టికకు ఒప్పగించివేయడం న్యాయమా?

తెలియని ఊరిలో చూపేవాడొకడుంటేనే క్షేమమని కొందరంటారు. వృద్ధులకు, పసిబిడ్డలతో వెళ్ళేవారికి ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. అయితే ఆ బస్సు చూపేది అందరికీ ఒకటే ముంబయి. కిటికీలోనుంచి ఒక మేడ, ఒక విగ్రహం, ఒక నటుని ఇల్లు చూపి, సాయంకాలానికి దింపివేస్తుంది. తిరిగివచ్చినవాని వద్ద ఛాయాచిత్రాలుంటాయి, అనుభవముండదు.

స్వతంత్రంగా తిరగడానికి కావలసినది సాహసంకంటె కొద్దిపాటి ముందుచూపు. 1888లో పూర్తయిన విక్టోరియా టెర్మినస్, నేటి ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌లో దిగినవాడు గేట్‌వే ఆఫ్ ఇండియాకు నడిచే పోవచ్చును. లోకల్ రైళ్ళు చవుక, వేగం; ఉద్యోగులు పోయే ఉదయవేళ, మరలివచ్చే సాయంవేళ మాత్రం సామానుతో వాటి జోలికి పోరాదు. గేట్‌వేనుండి పడవలో గంటసేపు పోతే ఎలిఫెంటా దీవి; సుమారు పదునెనిమిది అడుగుల ఎత్తున మూడు ముఖాలతో వెలసిన సదాశివమూర్తి అక్కడనే ఉన్నది. సోమవారం ఆ గుహలు మూసి ఉంటాయి. వానకాలంలో సముద్రం పొంగితే పడవలు నిలిచిపోతాయి. 1875లో తెరచిన ససూన్ డాక్‌కు తెల్లవారకముందే చేరితే, చేపల బుట్టల నడుమ రేవు మేలుకొనడం కంటబడుతుంది.

ఇవి దారి తెలిపే మాటలు మాత్రమే. చూపు యాత్రికుడే తెచ్చుకొనవలె. మెట్టసీమవాడు క్రొత్త ఊరు చేరితే మొదట విచారించేది మంచినీళ్ళ సంగతి. ముంబయిలోనూ ఆ ప్రశ్నను విడువనక్కరలేదు. మలబారు కొండ కొనను, సముద్రానికి కూతవేటు దూరంలో, వాల్కేశ్వర్ గుడివద్ద బాణగంగ అనే కోనేరున్నది. చుట్టూ ఉప్పునీరుండగా దానిలో ఊరేది తియ్యనీరు. వేసవిలో చెలమలు తోడుకొన్న జాతివానికి ఆ మెట్లమీద కూర్చున్నపుడు కలిగే ఆశ్చర్యం మరొకరికి కలుగదు.

అదే నగరంలో 2005 జూలై 26న శాంతాక్రజ్‌వద్ద ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసింది. అనంతపురానికి ఏడాది పొడుగునా కురిసేదానికంటె అది చాల ఎక్కువ. అయినప్పటికీ ఆ మహానగరం త్రాగే నీటిలో చాలభాగం పరాయిచోటినుండే రావలె. 1892నాటి తాన్సా జలాశయం, తరువాత కట్టిన భాత్సా జలాశయం ఠాణే జిల్లా శహాపూర్ తాలూకాలో ఉన్నవి. ఆ తాలూకాలోనే వేసవి వస్తే ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టే పల్లెలున్నవి. గొట్టం తమ ప్రక్కనుండే పోతున్నా గొంతు తడవని ఆ పల్లెల బాధ అనంతపురంవానికి ఎవరూ వివరించనక్కరలేదు.

మరొక ప్రశ్న కూలిని గురించినది. ఏడు దీవుల మధ్య నీటిని పూడ్చి కట్టిన నగరమది. దాని వీధులకు, మేడలకు చెమటోడ్చినవారిలో తెలంగాణమునుండి వెళ్ళిన తెలుగు కూలీలున్నారు. వారిని అక్కడ కామాఠీలన్నారు. వారు కాపురమున్న వాడకు కామాఠీపుర అని పేరు నిలిచింది. తరువాతి కాలంలో ఆ వాడ వేరొక కారణాన లోకానికెక్కినా, పేరుమాత్రం రాళ్ళెత్తినవారిదే. ఈ సంగతి తెలిసి వెళ్ళిన తెలుగువాడు ఆ మేడలముందు నోరు తెరచి నిలబడడు, తలయెత్తి నిలబడతాడు.

ఎవరి తోడూ లేకుండా తిరిగినంతమాత్రాన యాత్ర స్వతంత్రం కాదు. జేబులో ఇతరులు వ్రాసిన పట్టిక పెట్టుకొని ఒంటరిగా తిరిగేవాడు కూడ పరాధీనుడే. తన సీమ నేర్పిన ప్రశ్నలను వెంటబెట్టుకొని పోయేవానికే పరాయి నగరం తన లోపలి తలుపు తెరుస్తుంది. నీరు ఎక్కడిది, రాళ్ళు మోసినది ఎవరు అని అడగడం చేతనైనవానికి ముంబయి ఒక్కటే కాదు, ఏ రేవుపట్టణమైనా సుబోధమే.