ముక్కు పోయిన స్వామి

మా అమ్మాయి ఉద్యోగం ఫ్రాన్స్‌లో, బ్రిటనీ ప్రాంతంలోని లానియన్ అనే ఊళ్ళో. మొన్న వేసవిలో దాని దగ్గర నెల్లాళ్ళు ఉండి వచ్చాను. ఓ ఆదివారం దగ్గర్లోనే ఉన్న ప్లూమనాక్ అనే సముద్రపు పల్లెకి తీసుకెళ్ళింది.

ఎటు చూసినా గులాబీ రంగు గ్రానైట్ బండలే. దీపస్తంభం కూడా ఆ రాతిదే. 1944లో జర్మన్ సైన్యం పేల్చేస్తే, యుద్ధం అయ్యాక మళ్ళీ కట్టుకున్నారట. సెయింట్ గిరెక్ బీచ్ మాత్రం చాలా చిన్నది, మన సూర్యలంకలో ఓ మూలకి సరిపోతుంది. కానీ ఇక్కడి ఆటుపోట్లు మనవాటిలా కాదు. పొద్దున మేం నడిచిన ఇసక, తెచ్చుకున్న పులిహోర తిని లేచేసరికి నీళ్ళ కింద ఉంది.

ఆ బీచ్‌లోనే బండ మీద చిన్న రాతి మందిరం, లోపల గిరెక్ స్వామి విగ్రహం. నీళ్ళు వెనక్కి పోయినప్పుడు నడిచి వెళ్ళొచ్చు. పోటు వస్తే చుట్టూ సముద్రమే. పూర్వం పెళ్ళి కావలసిన ఆడపిల్లలు వచ్చి ఆయన ముక్కుకి గుండుసూది గుచ్చేవారట. సూది పడిపోకుండా నిలిస్తే ఏడాదిలో పెళ్ళని నమ్మకం. అప్పటిది చెక్క విగ్రహం, గుచ్చి గుచ్చి ముక్కే పోయింది. 20వ శతాబ్దం మొదట్లో దాన్ని తీసి రాతి విగ్రహం పెట్టారు.

నేను పగలబడి నవ్వాను. అది నవ్వలేదు.

"నవ్వుతావేంటమ్మా? ఫోన్ చేసినప్పుడల్లా నువ్వు నాకు చేసేది అదేగా" అంది.

దానికి 29 ఏళ్ళు. ఫోన్లో "తిన్నావా" తర్వాత నా రెండో మాట ఎప్పుడూ "ఏం ఆలోచించావ్?" అనే. మంచి కోరే అడుగుతున్నాననుకున్నాను. నేనే కాదు, వాళ్ళ పిన్ని, మేనత్త, పక్కింటావిడ, అందరూ తలో సూదీ పట్టుకున్నవాళ్ళమే. ఆ పల్లె పిల్లలు తమ కోరికతో తామే వెళ్ళి గుచ్చారు. మన ఇళ్ళల్లో సూది పెద్దవాళ్ళ చేతిలో, ముక్కు పిల్లది.

అలాగని పెళ్ళి మాటే ఎత్తొద్దనను. తల్లికి బెంగ ఉంటుంది, నాకూ ఉంది. ఒకసారి అడగాలి, చెప్పింది వినాలి. విన్నాక ఊరుకోవడం దగ్గరే మనకి కష్టం.

వచ్చాక మూడు ఆదివారాలు అడగలేదు. నాలుగో వారం ఫోన్ పెట్టేముందు అదే, "ఏంటమ్మా, ఏమీ అడగవే?" అంది.

నోటిదాకా వచ్చిందండీ. మింగేసి, "ఇవాళ మీ దగ్గర పోటు ఎన్నింటికే?" అని అడిగాను.