పేరు తాకట్టుకు రాదు
లండన్‌లో లిన్ ఫ్రాంక్స్ అనే పౌరసంబంధాల నిపుణురాలు ఫ్యాషన్ సంస్థలకు పేరు తెచ్చిపెట్టారు. 1992లో బి.బి.సి. మొదలుపెట్టిన ‘అబ్సల్యూట్లీ ఫ్యాబులస్’ హాస్య ధారావాహికలోని నాయిక ఆమెకు నకలేనని లోకం చెప్పుకుని నవ్వింది. 2007లో ఆమే ఐ.టి.వి. వారి అడవి పోటీకి ఆస్ట్రేలియా వెళ్లారు. ఇతరులకు పేరు తెచ్చిన మనిషి చివరికి తానే తెరమీది సరుకయ్యారు.

తప్పు ఆమెదంటే నేనొప్పుకోను. తెరమీద కనబడితేనే మనిషని నమ్మే మనది!

అప్పు ఇచ్చేముందు మా బ్యాంకులో గుడ్‌విల్‌ను ఆస్తుల్లోంచి తీసేసి లెక్కకడతాం. టీవీ పేరూ అంతే.

మన ప్రవాసాంధ్ర సభల్లోనూ ఇదే జబ్బు. తెలుగుకు ప్రచారం కావాలని కేకలేసే పెద్దలారా, టీవీలో మీ ముఖం కాదు, మీ మనవడి చేతిలో పెద్దబాలశిక్ష చూపించండి. అప్పుడు నమ్ముతాను.