వైర్లు కోసేస్తే సులువైపోదు

పోయిన ఏడాది దసరా సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ఒక వింత చూశాను. నాన్న వాకిట్లో ఆర్‌ఎక్స్ 100 ఆపాడు. తాళం తిప్పి బయటికి తీసి జేబులో వేసుకున్నాడు. ఇంజన్ మాత్రం తనపాటికి తను తిరుగుతూనే ఉంది. నాన్న ఏమీ జరగనట్టు నాలుగో గేరులో వేసి, బ్రేకు తొక్కిపట్టి, క్లచ్ వదిలాడు. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగింది. "రోజూ ఇంతే" అన్నాడు.

అన్నయ్య బండిని మోడిఫై చేయించినప్పుడు, ఎవరో "ఇది అనవసరం" అనుకుని ఒక వైరు కోసేసిన ఫలితం ఇది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. పాత బండ్ల వైరింగ్‌ని సులువు చేయాల్సిందే, నేనూ చేశా. కానీ మన హాస్టల్‌లో అందరూ లైకులు కొట్టే రీల్స్‌లో "మినిమల్ వైరింగ్" అని చూపించేది వేరే పని. కోసేయడం, లేదా దాచేయడం. నా లెక్క ఒక్కటే. రాత్రిపూట రోడ్డు పక్కన, ఆ బండిని అంతకుముందు చూడనివాడు ఒక టెస్టింగ్ బల్బు పట్టుకుని తప్పెక్కడుందో కనిపెట్టగలిగితే అది సులువైన వైరింగ్. కనిపెట్టలేకపోతే బండి మొత్తం మీద నాలుగు వైర్లే ఉన్నా అది కష్టమైన వైరింగే.

బండి గురించి కొంచెం. 1989 మోడల్. నాన్న పెళ్లికి ముందు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. దీన్ని "వింటేజ్" అంటే మా సీనియర్ ఒకడు నవ్వాడు. వాడిది కరెక్టే, 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం పెద్దగా మారకుండా ఉంటేనే వింటేజ్. మాది వయసులోనూ చాలదు, రూపంలోనూ చాలదు. ఎందుకంటే హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా పెదనాన్న కొడుకు రెండేళ్లు తీసుకెళ్లి, అక్కడొక గ్యారేజీలో దాన్ని కఫే రేసర్ చేయించాడు. ఒక్క సీటు బండిలా వెనకాల ఎత్తు, కిందికి వంగిన హ్యాండిల్, ఫ్రేముకి మెరిసే నల్ల పౌడర్ కోటింగ్. తర్వాత వాడు కొత్త బండి కొనుక్కుని దీన్ని తిరిగి పంపేశాడు. చూడటానికి బాగుందని ఒప్పుకుంటా. ఆ స్టైలు 1960ల ఇంగ్లండ్ కుర్రాళ్లది. వాళ్లు తమ బండ్లని రేసు బండ్లలా కనిపించేట్టు చేసుకునేవాళ్లు. రేసు బండికి బ్రేక్ లైటు ఎందుకు? ట్రాకు మీద వెనకనుంచి లారీ రాదు.

మన హైవే మీద వస్తుంది. అవే సెలవుల్లో ఒక రాత్రి విజయవాడ నుంచి గుంటూరు వైపు వస్తున్నాం. నాన్న నడుపుతున్నాడు, ఆ అరచెయ్యంత సీటు మీద నేను వెనకాల. కాజ టోల్ గేట్ ముందు ట్రాఫిక్ ఒక్కసారిగా ఆగింది. నాన్న బ్రేకు వేశాడు. వెనకాల ట్రాలీ ఆటో టైర్ల చప్పుడు విని తిరిగేలోపే అది పక్కకి కోసుకుంటూ నా మోకాలికి జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు దిగి నన్ను కాదు, నాన్నని తిట్టాడు. "బ్రేక్ లైటు లేకుండా రోడ్డెక్కుతారేంటండీ, ఆ పిల్లోడు పోయేవాడు" అన్నాడు. నాన్న ఎదురు మాట్లాడలేదు. ఇంటికొచ్చాక అన్నం తింటూ, "ఈ బండి అమ్మేద్దాం" అన్నాడు. ముప్ఫై ఏళ్లలో ఆ మాట ఎప్పుడూ అనలేదట. అమ్మ కూడా వడ్డించడం ఆపి చూసింది.

నేను సంక్రాంతి దాకా టైమడిగాను.

సీటు విప్పి చూస్తే లోపల అన్నీ నల్ల వైర్లే. నల్ల ఫ్రేము మీద కనపడకూడదని కొత్త వైర్లన్నీ నల్లవే వేశారు! యమహా వాళ్ల లెక్కలో నలుపంటే ఎర్త్. ఎరుపు బ్యాటరీ నుంచి వచ్చేది, బ్రౌన్ తాళం తిప్పాక కరెంటు వచ్చేది, చాక్లెట్ రంగు ఎడమ ఇండికేటర్, ముదురు ఆకుపచ్చ కుడి ఇండికేటర్. ఒక రంగు చూస్తే ఒక పని తెలుస్తుంది. అన్నీ నలుపు చేయడమంటే ప్రోగ్రాంలో ప్రతి వేరియబుల్‌కీ ఎక్స్ అని పేరు పెట్టడమే. రాసినవాడికి ఆ రోజు అర్థమవుతుంది, మర్నాటికి వాడికీ అర్థం కాదు.

ఇక కోసేసిన వైర్ల సంగతి. ఆగని ఇంజన్ రహస్యం తెలిసిన రోజు నాకు నిజంగా ఆనందమేసింది. నేను అనుకున్నదేంటంటే, తాళం ఆఫ్ చేస్తే కరెంటు తెగుతుంది, ఫ్యాన్ స్విచ్‌లాగా. ఈ బండిలో తిరగేసి ఉంటుంది. ఇంజన్‌లోని మాగ్నెట్ కాయిల్ సొంతంగా కరెంటు పుట్టించి సీడీఐకి పంపుతుంది, బ్యాటరీతో దానికి పనే లేదు. ఆపాలంటే ఆ కరెంటుని ఎర్త్‌కి కలిపేయాలి. నలుపు మీద తెలుపు గీత ఉన్న వైరు చేసే పని అదే. తాళం ఆఫ్‌లో పెడితే అది ఎర్త్‌కి తగులుతుంది, స్పార్క్ చస్తుంది. దాన్ని కోసేస్తే బండి చక్కగానే నడుస్తుంది. కోసినవాడికి అందుకే అది అనవసరంగా కనిపించి ఉంటుంది. ఆపాలన్నప్పుడే తెలుస్తుంది. ఇంకోటి, తాళం లేకుండా ఎవడైనా కిక్కు కొట్టి ఎత్తుకుపోవచ్చు కూడా.

బ్రేక్ లైటు సంగతి మరీ సిల్లీ. పెద్ద టెయిల్ ల్యాంప్ తీసి రెండు వైర్ల సన్న ఎల్‌ఈడీ పట్టీ పెట్టారు. దానికి వెలగడం ఒక్కటే వచ్చు, బ్రేకు వేస్తే ఎక్కువ వెలగడం రాదు. పెడల్ దగ్గర స్విచ్ బాగానే ఉంది, దాని వైరు మాత్రం ఎటూ కలవకుండా టేపు చుట్టి ఉంది. బ్యాటరీ తీసేసి ఒక కెపాసిటర్ పెట్టారు. ఫ్యూజు ఉండేది బ్యాటరీ వైరు మీదే కాబట్టి బ్యాటరీతోపాటు అదీ పోయింది. ఒక చోట వైరు తొడుగు కరిగి ఫ్రేముకి అంటుకుని ఉంది. పైన పెట్రోలు ట్యాంకు.

నేనేదో పెద్ద మేధావిలా రాస్తున్నా కానీ ఇదే తప్పు నేనూ చేశా. రెండో ఏడాది మినీ ప్రాజెక్టులో ఎవరూ పిలవని ఫంక్షన్ అనుకుని ఒకటి డిలీట్ చేశా. డెమో రోజు లాగౌట్ నొక్కితే లాగౌట్ అవ్వలేదు. బండీ అంతే, ప్రాజెక్టూ అంతే.

తర్వాత రెండో తప్పు చేయబోయా. జర్మనీ కంపెనీ మోటోగాడ్జెట్ ఎం-యూనిట్ అని ఒకటి అమ్ముతుంది. అరచేతిలో పట్టే డబ్బా. ఫ్లాషర్, ఫ్యూజులు విడిగా అక్కర్లేదు, అన్నీ అందులోనే. ఎక్కడైనా షార్ట్ అయితే ఆ లైను ఒక్కటే తనే ఆపేస్తుంది. సీఎస్ఈ వాడికి అది చూస్తే నోరూరుతుంది. నాన్న బండి కొన్న ధర కన్నా ఎక్కువ అయినా సరే, ఇంటర్న్‌షిప్ డబ్బులతో కొందామనుకున్నా.

విజయవాడ ఆటోనగర్‌లో మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ బాబాయ్ ఒకాయన ఉన్నారు. ఫోన్‌లో వీడియో చూపించా. ఆయన మొత్తం చూసి, ఎగతాళి చేయకుండా, "వస్తువు మంచిదే బాబూ. మాచర్ల అవతల ఆగిపోతే మీ నాన్నగారు ఎవరికి చూపించాలి?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. డబ్బా లోపల ఏం జరుగుతోందో నాకే తెలియదు, నాన్నకెలా తెలుస్తుంది? వైర్లు తగ్గినట్టు కనిపించింది కానీ, ఆ కష్టమంతా ఒక నల్లపెట్టెలోకి వెళ్లి కూర్చుంది. ఊరూరూ తిరిగే సర్వీస్ సెంటర్ ఉన్నవాళ్లకి అది పర్లేదేమో. ఏబీఎస్ లాంటివి ప్రాణాలు కాపాడతాయని నేనూ నమ్ముతా, ఎలక్ట్రానిక్స్ మీద నాకు కోపం లేదు. మా బండికి మాత్రం అది సరిపడదు.

అందుకని సంక్రాంతి సెలవుల్లో ఎనిమిది రోజులు ఆయన షాపులో కూర్చుని మొత్తం వైరింగ్ మళ్లీ వేశాం. తమాషా ఏంటంటే సులువు చేసే పనిలో చాలా చోట్ల వైర్లు పెరిగాయి. ఒకే ఫ్యూజు ఉండాల్సిన బండికి మూడు పెట్టాం. మెయిన్‌కి 10 ఆంప్స్, బ్రేక్ లైటు, టెయిల్ లైటు కలిపి ఒక 5, హారన్, ఇండికేటర్లు కలిపి ఇంకో 5. ఇండికేటర్ వైరు ఎక్కడో రాసుకుపోయి షార్ట్ అయితే దాంతోపాటు బ్రేక్ లైటు పోకూడదు కదా. కాజ దగ్గర జరిగింది మళ్లీ జరగకూడదని నేను పట్టుబట్టింది ఈ ఒక్క విషయంలోనే.

కొన్నిటిని కదిలించకుండా వదిలేశాం. ఆర్‌ఎక్స్ 100 హెడ్‌లైటు బ్యాటరీ మీద వెలగదు, ఇంజన్ తిరిగితే కాయిల్ నుంచి వచ్చే ఏసీ మీద వెలుగుతుంది. అందుకే సిగ్నల్ దగ్గర ఆగితే గుడ్డిదీపంలా అయిపోతుంది. అదొక చెత్త డిజైన్ అని నా గట్టి నమ్మకం. బాబాయ్ బ్యాటరీ వైరు పీకేసి, "కిక్కు కొట్టు" అన్నారు. స్టార్టయింది. హెడ్‌లైటు వెలిగింది. బ్యాటరీ చచ్చినా ఇంటికి చేరొచ్చన్నమాట! ఒకటి చెడితే ఇంకోటి చెడకుండా విడదీసి పెట్టారు. మన సిలబస్‌లో దీని గురించి ఒక యూనిట్ ఉంది, నేను మార్కుల కోసం బట్టీ పట్టా. టెయిల్ లైటుని మాత్రం బ్యాటరీ మీదకి మార్చాం, ఇంజన్ ఆగిపోయి రోడ్డు మీద నిలబడ్డా వెనకవాళ్లకి కనపడాలని.

ఎక్కువ ఏడిపించింది ఎర్త్. ఇండికేటర్లు తిరిగి పెట్టాక, ఇండికేటర్ వేస్తే మీటర్‌లోని హైబీమ్ గుర్తు కూడా కొట్టుకునేది. ఫ్లాషర్ పాడైందని నేను రెండు మార్చా. బాబాయ్ టెస్టింగ్ బల్బు ఒక కొస ఫ్రేముకి, ఇంకో కొస బ్యాటరీ ప్లస్‌కి పెట్టారు. వెలగలేదు. అంత అందమైన పౌడర్ కోటింగ్ ఎర్త్ బోల్టు కింద కూడా ఉంది, అది కరెంటుని పోనివ్వదు. ఎమిరీ పేపర్‌తో రూపాయి బిళ్లంత గీకి బోల్టు బిగించాం. అయినా నమ్మకం లేక డూమ్ నుంచి బ్యాటరీ మైనస్ దాకా విడిగా ఒక నల్ల వైరు లాగాం. మొత్తం బండిలో ఇప్పుడు నలుపంటే మళ్లీ ఎర్త్ ఒక్కటే.

మీలో పాత బండి ఉన్నవాళ్లకి ఒకటే అడుగుతున్నా. కట్టింగ్ ప్లయర్ పట్టుకునే ముందు ఆ వైరు ఎటు పోతోందో ఒక కాగితం మీద గీయండి. గీయలేకపోతే కోయకండి. "ఫోటోలో వైర్లు కనపడకూడదు" అనేది కూడా ఒక కారణమే, కాదనను, కానీ వెనక సీటులో కూర్చునేవాడిని కూడా ఒక మాట అడగండి. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇష్టమొచ్చినట్టు మార్పులకి ఒప్పుకోదు. మా బండి హ్యాండిల్, సీటు సంగతి తలుచుకుంటే ఈ వాక్యం రాయడానికి నాకే సిగ్గుగా ఉంది. వచ్చే సెలవుల్లో పాత సీటు వెతకాలి.

నేను గీసిన డయాగ్రం లామినేట్ చేసి సీటు కింద పెట్టా. తెలుగులోనే రాశా, నాన్న కోసం. ఇంగ్లీష్ మీడియం కాబట్టి 'ముదురు' అనే మాట అమ్మని అడిగి రాశా.

నాన్న బండి అమ్మలేదు. మార్చిలో ఒకరోజు సాయంత్రం ఫోన్ చేశాడు. సత్తెనపల్లి దాటాక హారన్, ఇండికేటర్లు ఆగిపోయాయట. బ్రేక్ లైటు వెలుగుతూనే ఉందట. సీటు ఎత్తి, బొమ్మ చూసి, సీటు బోల్టుకి రాసుకున్న వైరు పట్టుకుని, టేపు చుట్టి, ఫ్యూజు మార్చి వచ్చేశాడు. ఎవరికీ ఫోన్ చేయలేదు.

"నీ బొమ్మలో ఒక తప్పుంది" అన్నాడు. "కుడి ఇండికేటర్ వైరు ఎడమ పక్క నుంచి పోతున్నట్టు గీశావు. అది కుడి పక్కే ఉంది. వచ్చినప్పుడు దిద్దు."