విశ్రాంతి దినము – మన ఆదివారము



మా ఆడమ్స్‌టౌన్‌లో వారం మొత్తానికి ఎక్కువ పని ఉండే రోజు ఆదివారమే. ఉదయం ఆరాధన, ఆ తర్వాత వారానికి సరిపడా కూరలు వండి డబ్బాల్లో సర్దడం, పిల్లల యూనిఫారాలు ఇస్త్రీ చేయడం, ఇండియాకు ఫోను. మా వంటి డాక్టర్లకు డ్యూటీ పడితే ఆ ఆరాధన కూడా ఉండదు.

ఐరోపా చట్టం ప్రకారం డాక్టరు సగటున వారానికి 48 గంటలకు మించి పని చేయకూడదు. అయినా 24 గంటలకు మించిన డ్యూటీలు ఆపమని ఐర్లండు జూనియరు డాక్టర్లు 2013 అక్టోబరు 8న సమ్మె చేయవలసి వచ్చింది. విరామం ఊరికే చేతికి రాదు.

ఈ సంగతి ఒంగోలు ప్రాంతపు మన పెద్దలకు ఏనాడో తెలుసు. 1866లో అక్కడికి వచ్చిన క్లౌ దొరగారు, క్రైస్తవులైన మాదిగ కుటుంబాలకు పెట్టిన నియమాలలో ఒకటి ఆదివారం పని మానడం. ఊరి ఆసాములు పిలిచిన రోజున పనికి పోక తప్పని వాళ్లు "ఇవాళ రాము" అనడమంటే తిండిగింజల మీదికి తెచ్చుకోవడమే. అయినా అన్నారు. ద్వితీయోపదేశకాండము విశ్రాంతి దినానికి చెప్పే కారణం కూడా ఇటువంటిదే: ఐగుప్తులో బానిసత్వం అనుభవించినవాళ్లు తమ ఇంటి పనివాళ్లకూ విశ్రాంతి ఇవ్వాలి. ఆ లెక్కన భర్త సోఫాలో, భార్య పొయ్యి దగ్గర గడిపే ఆదివారం విశ్రాంతి దినం కానే కాదు.

ఆ క్లౌ దొరగారి రాక కోసం కూడా ఎదురుచూసినవాళ్లున్నారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున జ్యూయెట్ దంపతులు, కొందరు తెలుగు విశ్వాసులు ఒంగోలులో కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆయన వచ్చింది పన్నెండేళ్లకు. ప్రార్థన చేసినవాళ్లు కొండ మీదే కూర్చోలేదు. దిగి వచ్చి తమ పని చూసుకున్నారు.

ఎదురుచూపు మన ఊరికీ కొత్త కాదు. రైలు స్టేషను 2007లోనే వచ్చింది. 2008 మాంద్యంతో ఇళ్ల పనులు ఆగి, ఊరు నిండడానికి ఏళ్లు పట్టింది. మనలో కొందరు వీసా కోసం, కొందరు పరీక్షా ఫలితం కోసం, కొందరు పర్మనెంటు ఉద్యోగం కోసం చూస్తున్నాం. చూసేది రాత్రి నిద్ర మానుకుని చూస్తున్నాం. అదే చిక్కు.

డ్యూటీ దిగేటప్పుడు డాక్టర్లం రోగులందరి వివరాలూ తర్వాతి డాక్టరుకు అప్పగిస్తాం. అప్పగించాక ఇంటికి పోయి నిద్రపోతాం. రోగుల మీద ప్రేమ లేక కాదు, కనిపెట్టుకుని ఉండేవారు మరొకరున్నారన్న నమ్మకం. విశ్వాసికి విశ్రాంతి అయినా, ఎదురుచూపు అయినా ఇటువంటి అప్పగింతే. రాత్రి కాపలా దేవునిది.

చేయదగిన పని ఒకటి చెబుతాము. గుంటూరులో హౌస్ సర్జన్లుగా ఉన్నప్పుడు పండగలకు డ్యూటీలు మార్చుకునేవాళ్లం. ఇక్కడ కుటుంబాలు పూటలు మార్చుకోవచ్చు. ఒక వారం పక్కింటి పిల్లలకు మన ఇంట్లో భోజనం, మరో వారం మన పిల్లలకు వాళ్లింట్లో. ఆదివారం డ్యూటీ పడితే బుధవారమైనా సరే. ఆ పూట పొయ్యి వెలిగించవద్దు, ఫోను తీయవద్దు. భార్యాభర్తలిద్దరూ కూర్చోవాలి.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాం. సెలవు.