ధర వేరు, విలువ వేరు: షేర్లు కొనే ముందు ఒక్క మాట



ఈమధ్య మన హాస్టల్ పిల్లల ఫోన్లలో "ఈ షేర్ కొను, రేపటికి డబుల్" అనే టిప్పులు ఎక్కువైపోయాయి. కొందరు స్కాలర్‌షిప్ డబ్బులు కూడా ఆప్షన్లలో పెడుతున్నారు. మార్కెట్ మనది కాదు, దూరంగా ఉండండి అని నేను అనను. విలువ కట్టడం నేర్చుకోకుండా అందులోకి పోవద్దు అంటాను.

సంతలో మన తాతలు ఎందుకు మోసపోయారు? కష్టం చేయలేక కాదు. చింతపండు మోసుకొచ్చింది వాళ్లు, ధర చెప్పింది షావుకారు. ఆ దోపిడీని ఆపడానికే 1956లో జీసీసీ పుట్టింది. ఇప్పుడు ఫోన్ కూడా ఒక సంతే. తెర మీద ధర కనబడుతుంది, విలువ కనబడదు. అది మనమే లెక్క కట్టుకోవాలి.

ఆ లెక్క మనకు తెలియనిదేం కాదు. చింతచెట్టు కొనేవాడు ఏటా ఎంత కాపు, ఇంకా ఎన్నేళ్లు కాస్తుంది అని చూస్తాడు కదా. షేర్ అంటే కంపెనీలో చిన్న వాటా. ఒక్కో షేర్‌కి ఏటా 20 రూపాయల లాభం వస్తూ, ధర 500 ఉంటే, లాభానికి 25 రెట్లు పెడుతున్నామన్నమాట. ఆ లాభం పెరిగేదేనా? కంపెనీకి అప్పులెన్ని? ఇవి అడగాలి.

బాండ్ అంటే మనం ఇచ్చే అప్పుకి పత్రం. వేరేచోట 10 శాతం వడ్డీ వస్తుంటే, ఏడాది తర్వాత చేతికొచ్చే 110 రూపాయల విలువ ఈరోజు 100. దానికి 105 పెడితే ఎక్కువ పెట్టినట్టే.

ఆప్షన్ మాత్రం చెట్టు కాదు. దానికి కాపు ఉండదు, గడువు ఉంటుంది. 2024 సెప్టెంబర్‌లో సెబీ చెప్పిన లెక్క చూడండి: అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు జనంలో 100కి 93 మంది నష్టపోయారు. సగటున ఒక్కొక్కరికి పోయింది సుమారు 2 లక్షలు. మన ఇళ్లల్లో అంత డబ్బు పోతే ఒకరి చదువు ఆగిపోతుంది.

అందుకే నా ప్రతిపాదన ఇది. నెలకో ఆదివారం అందరం కూర్చొని ఒక కంపెనీ వార్షిక నివేదిక చదువుదాం. లాభమెంత, అప్పెంత, ధరెంత అని ముగ్గురు తమ్ముళ్లు, ముగ్గురు చెల్లెళ్లు బోర్డు మీద రాసి చెప్పాలి. ఎవరైనా టిప్పు పంపితే "అన్నా, దీని విలువ ఎంత, ఎలా కట్టావు?" అని అడగండి. జవాబు రాకపోతే కొనొద్దు. ఫీజు డబ్బులు, మెస్ డబ్బులు అసలే ముట్టొద్దు.

దీనిపై మీ అభిప్రాయం కింద రాయండి.